మళ్ళీ నమలడం నేర్చుకోవాలి

*పళ్ళ సెట్టు చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటాం. అసలు పని ఆ రోజే మొదలవుతుంది. బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్ళలో పెద్దవాళ్ళకు ఈ మాట ముందుగా చెప్పేవాళ్ళు కావాలి, ఆ తర్వాత తోడుండేవాళ్ళూ కావాలి.*

భోగి ముందురోజు. అవనిగడ్డ దగ్గర ఒక ఇంట్లో వసారా నిండా చెప్పులు. హైదరాబాదు నుంచి కొడుకూ కోడలూ, బెంగళూరు నుంచి కూతురూ అల్లుడూ దిగారు. హాల్లో బల్ల మీద స్టీలు డబ్బాలకు మూతలు తీసి ఉన్నాయి: అరిసెలు, జంతికలు, సున్నుండలు. మనవరాలు ఫోను పట్టుకుని "నానమ్మా, ఇటు చూడు, నవ్వు" అంటోంది. నానమ్మ నవ్వింది. తెల్లగా, వరసగా, నిండుగా పళ్ళు. కిందటి వారమే బందరు వెళ్ళి పెట్టించుకొచ్చింది. పండగ ఫోటోల్లో బాగుండాలని కొడుకు పట్టుబట్టి కట్టించాడు. "పదేళ్ళు తగ్గిపోయావమ్మా" అన్నారంతా. ఆవిడ తల ఊపి ఊరుకుంది. మాట్లాడితే కింది వరస లేస్తుంది.

మధ్యాహ్నం అందరితో కూర్చోమంటే "మీరు తినండి, నేను వడ్డిస్తా" అంది. అందరి భోజనాలూ అయ్యాక పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి, చెంగు అడ్డం పెట్టుకుని, పై వరసా కింది వరసా తీసి కడిగి గ్లాసులో వేసింది. వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని పెరుగన్నం కలుపుకుంది. కింది చిగురు మీద ఒకచోట ఎర్రగా ఒరుసుకుపోయింది. ఆ సంగతి కొడుకుతో అనదు. అంత డబ్బు పోసి కట్టించాడు మరి.

దిగువ కృష్ణా డెల్టాలో ఇలాంటి వంటిళ్ళు చాలా ఉన్నాయి. బందరు కోనేరు సెంటర్లోనో గుడివాడ నెహ్రూ చౌక్‌లోనో ఇద్దరు పెద్దవాళ్ళు ఎదురుపడితే ముందు మోకాళ్ళ సంగతి వస్తుంది, ఆ వెంటనే పళ్ళ సంగతి. "పెట్టించావా?" "పెట్టించాను గానీ పెట్టుకోవట్లేదు." నాలుగైదుసార్లు బస్సెక్కారు, కొలతలిచ్చారు, డబ్బు కట్టారు. తీరా చూస్తే సెట్టు డబ్బాలో ఉంది, మనిషి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నాడు.

చాలాసార్లు ఇందులో సెట్టు తప్పు ఉండదు, కట్టిన డాక్టరు తప్పూ ఉండదు. దాన్ని కొనుక్కొచ్చి తగిలించుకునే వస్తువు అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. కట్టుడు పళ్ళతో తినడం, మాట్లాడటం నేర్చుకోవాల్సిన పని. డెబ్భై ఏళ్ళ వయసులో నాలుకకూ బుగ్గలకూ దవడకూ కొత్త అలవాటు చేయాలి. అందుకు వారాలు పడుతుంది. కొందరికి రెండు మూడు నెలలు కూడా పడుతుంది. ఈ ముక్క ముందే తెలియకపోతే మూడో రోజున "నాకు సరిపడలేదు" అని తీసి పక్కన పెట్టేస్తారు.

ఉప్పెన నాటికి పాతికేళ్ళవాళ్ళు

దివిసీమలో పెద్దవాళ్ళను వయసు అడిగితే ఏడాది చెప్పరు, ఉప్పెన చెబుతారు. 1977 నవంబరు 19. "ఉప్పెనకు నాకు ఇద్దరు పిల్లలండీ" అన్నారంటే డెబ్భై దాటినట్టే లెక్క. నాగాయలంక, కోడూరు మండలాల్లో ఆ నీళ్ళను తప్పించుకుని బతికి, మళ్ళీ ఇళ్ళు కట్టుకుని, పొలాలు బాగుచేసుకుని, పిల్లల్ని చదివించిన తరం అది. వాళ్ళ పిల్లలు ఇప్పుడు నగరాల్లోనో అమెరికాలోనో ఉన్నారు. ఇంట్లో మిగిలింది ఇద్దరు, లేదా ఒక్కరు. పళ్ళ సెట్లు పెట్టించుకుంటున్నది ఎక్కువగా వీళ్ళే.

పళ్ళు ఊడటానికి వయసే కారణమనుకుంటాం గానీ వయసు ఒక్కటే పన్నును ఊడగొట్టదు. ఊడగొట్టేది చిగుళ్ళ జబ్బు. పంటి మొదట్లో గార పేరుకుని, చిగురు వాచి, నెత్తురు కారి, లోపలి ఎముక కొద్దికొద్దిగా కరిగిపోతుంది. నొప్పి పెద్దగా ఉండదు, అందుకే పట్టించుకోం. పన్ను కదిలాక గానీ తెలియదు. షుగరు అదుపులో లేనివాళ్ళకు ఇది మరీ తొందరగా ముదురుతుంది. చుట్ట, బీడీ, ఖైనీ దానికి తోడు. పిప్పి పన్ను సంగతి వేరు. అది నొప్పి పెడుతుంది కాబట్టి డాక్టరు దగ్గరికి వెళతాం, వెళ్ళి "పీకేయండి" అంటాం. బతికించుకోవచ్చు అని చెప్పినా నాలుగుసార్లు తిరగలేక, ఖర్చు పెట్టలేక పీకించుకొచ్చేస్తాం. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టు ఒక్కొక్కటీ పోయి, చివరికి ముందరి నాలుగు పళ్ళు మిగిలినప్పుడు సెట్టు గుర్తొస్తుంది.

ఇది మన ఒక్కరి సమస్యే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం అరవై ఏళ్ళు దాటినవాళ్ళలో దాదాపు 23 శాతం మందికి ఒక్క పన్నూ మిగల్లేదు. జపాన్ 1989లోనే దీన్ని జాతీయ విషయంగా తీసుకుంది. ఎనభై ఏళ్ళ వయసుకు ఇరవై సొంత పళ్ళు ఉండాలన్న లక్ష్యం పెట్టుకుని ఊరూరా ప్రచారం చేసింది. మన దగ్గర కళ్ళకు శిబిరాలున్నాయి, మోకాళ్ళకు ఆపరేషన్లున్నాయి. పళ్ళు మాత్రం ఇంకా ఎవరి తిప్పలు వాళ్ళవి.

పై వరస మాట వింటుంది, కింది వరస వినదు

సెట్టు పెట్టుకున్నవాళ్ళలో పదిమందిని కదిపితే తొమ్మిదిమంది కింది వరసనే తిడతారు. దానికి కారణం ఉంది.

పైన సెట్టు అంగిలి మొత్తాన్ని కప్పేస్తుంది. మధ్యలో పల్చటి ఉమ్ము పొర ఉంటే, తడిసిన రెండు గాజు పలకలు అతుక్కున్నట్టు అది అంగిలికి అతుక్కుంటుంది. కింద ఆ వీలు లేదు. మధ్యలో నాలుక ఉంది కాబట్టి సెట్టు సన్నటి చిగురు గట్టు మీదే కూర్చోవాలి. పైన దొరికిన చోటులో సగం కూడా కింద దొరకదు. పైగా నాలుక కదిలిన ప్రతిసారీ అటో ఇటో తోస్తుంది, బుగ్గ కండరాలు బయటినుంచి నెడతాయి.

ఇంకో సంగతి ఉంది. పన్ను పోతే దాన్ని పట్టుకుని ఉన్న దవడ ఎముకకు పని ఉండదు. పనిలేని ఎముక అరిగిపోతుంది. పళ్ళు పీకించిన మొదటి ఏడాదిలో ఈ అరుగుదల బాగా ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగదు. పై దవడతో పోలిస్తే కింది దవడ దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుందని పాతికేళ్ళపాటు మనుషుల్ని గమనించి 1970ల్లోనే తేల్చారు. అందుకే పళ్ళు పీకించి పదేళ్ళు బోసినోటితో గడిపి, తర్వాత సెట్టుకు వచ్చినవాళ్ళకు కష్టం ఎక్కువ. గట్టు ఎత్తు తగ్గిపోయి ఉంటుంది, సెట్టుకు ఆధారం దొరకదు.

నమిలే బలం కూడా మునుపటిలా ఉండదు. సొంత పళ్ళతో కొరికే బలంలో నాలుగోవంతో ఐదోవంతో మాత్రమే సెట్టుతో వస్తుంది. ఎంత మంచి డాక్టరు కట్టినా ఇంతే. ఈ ఒక్క నిజం ముందే తెలిస్తే సగం నిరాశ తగ్గుతుంది.

మొదటి రోజులు ఇలాగే ఉంటాయి

పెట్టుకున్న రోజు నోటినిండా ఏదో కుక్కినట్టు ఉంటుంది. పెదవులు ముందుకు వచ్చినట్టు అనిపిస్తుంది. ఉమ్ము ధారగా ఊరుతుంది, ఎందుకంటే నోటికి అదింకా తినే వస్తువే. నాలుగు రోజుల్లో ఆ ఊట తగ్గుతుంది. కొందరికి వాంతి వచ్చినట్టు ఉంటుంది. నెమ్మదిగా ముక్కుతో ఊపిరి తీస్తూ కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. నమిలేటప్పుడు బుగ్గా నాలుకా కొరుక్కుంటారు. ఇవన్నీ మామూలే.

చిగురు ఒరుసుకుపోవడం కూడా మామూలే, కానీ దాన్ని ఓర్చుకోవడం మాత్రం మామూలు కాకూడదు. పళ్ళు కట్టిన డాక్టరు మర్నాడు ఒకసారి, వారంలో ఒకసారి రమ్మంటారు. మన పెద్దవాళ్ళు వెళ్ళరు. "అయ్యో, మళ్ళీ ఎందుకు ఆయన్ని విసిగించడం" అంటారు. వైద్యంలో అది కూడా ఒక భాగం. ఎక్కడ ఒత్తుతోందో చూసి కొంచెం అరగదీస్తే రెండు రోజుల్లో నొప్పి పోతుంది. ఇంట్లో బ్లేడుతోనో ఆకురాయితోనో గీకితే సెట్టు పాడవుతుంది, ఇక సరిచేయడం కుదరదు.

చాలామందికి తెలియని కిటుకు ఇది: పుండు పడిందని సెట్టు తీసేసి, వారం తర్వాత డాక్టరు దగ్గరికి వెళితే పుండు మాని ఉంటుంది. ఎక్కడ రాసుకుందో ఆయనకు కనపడదు. వెళ్ళే రోజు పొద్దున కాస్త నొప్పిగా ఉన్నా కొన్ని గంటలు పెట్టుకుని వెళ్ళాలి. ఎర్రటి మచ్చ చూస్తేనే ఎక్కడ అరగదీయాలో తెలుస్తుంది. ఈలోగా గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో పుక్కిలిస్తే ఉపశమనం. రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే, అది సెట్టు వల్లేలే అనుకోకుండా తప్పక చూపించుకోవాలి. చుట్ట, పొగాకు అలవాటున్నవాళ్ళకు ఈ మాట ఇంకా ముఖ్యం.

తిండి విషయానికొస్తే, డెల్టా వంటిల్లు మొదటి వారాలకు బాగానే పనికొస్తుంది. ముద్దపప్పు, నెయ్యి, మెత్తటి అన్నం. ఇడ్లీ, ఉప్మా. సొరకాయ పాలు పోసిన కూర, పొట్లకాయ పెరుగుపచ్చడి. వేసవిలో అయితే లేత ముంజలు. ముద్ద చిన్నది చేసుకుని, దాన్ని రెండుగా చేసి రెండు బుగ్గలవైపూ వేసి ఒకేసారి నమలాలి. అరవై ఏళ్ళు ఒకవైపే నమిలిన మనిషికి ఇది చిత్రంగా ఉంటుంది. కానీ ఒకవైపే నమిలితే రెండోవైపు సెట్టు లేచిపోతుంది. ముందు పళ్ళతో కొరకడం ఇంకా కష్టం. జంతికను ముందు పళ్ళతో విరిస్తే పై వరస వెనకనుంచి ఊడి కిందకు దిగుతుంది. జామకాయను కోసి ముక్కలు చేసుకోవాలి, అప్పుడు కూడా గింజలతో జాగ్రత్త. కింది సెట్టు కిందికి ఒక్క జామగింజ దూరితే ప్రాణం పోయినంత పనవుతుంది. నువ్వులదీ అదే బాధ. చెరుకు గడ మాటే ఎత్తొద్దు. పీచున్న తేగలు కూడా మొదటి ఏడాది వద్దు.

బందరు లడ్డుకు మాత్రం అడ్డు లేదు. శనగపిండితో చేసిన జంతికల్లాంటివాటిని దంచి, జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి పోసి తొక్కుతారు కాబట్టి నోట్లో వేసుకుంటే నమిలే పని తక్కువ. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఈ లడ్డును షుగరు లేని పెద్దవాళ్ళు నిశ్చింతగా తినొచ్చు. తిన్నాక ఒకసారి సెట్టు తీసి కడుక్కుంటే చాలు.

అసలు దిగులు ఆవకాయ దగ్గర. కొత్తావకాయలో టెంక ముక్కను చప్పరించి, కొరికి, లోపలి పులుపంతా పీల్చుకోవడం ఒక తరానికి వేసవి మొత్తం. సెట్టుతో టెంక కొరకలేరు. బలం చాలదు, పైగా పన్ను విరుగుతుంది. చిగురు మీద పుండు ఉంటే ఆవఘాటు, కారం చుర్రుమంటాయి. మాకు తెలిసిన ఇళ్ళలో కోడళ్ళు టెంక లేని ముక్కలు వేరే చిన్న జాడీలో పెట్టి, బాగా ఊరాక అత్తగారికి వడ్డిస్తున్నారు. ఏ డాక్టరూ చీటీ మీద రాయని మందు ఇది.

---

చేప తినేవాళ్ళు తప్పక చదవాలి

ముల్లు ఉందో లేదో మనకు చెప్పేది నాలుకా అంగిలీ కలిసి. పై సెట్టు అంగిలిని కప్పేశాక ఆ సగం కాపలా పోతుంది. ముల్లు ముద్దలో కలిసి గొంతులోకి దిగేదాకా తెలియదు. కట్టుడు పళ్ళవాళ్ళకు ముల్లు గుచ్చుకునే ప్రమాదం ఎక్కువ అని వైద్యులు ఎన్నాళ్ళుగానో చెబుతున్నారు.

గిలకలదిండి రేవు చేప అయినా, కైకలూరువైపు చెరువుల శీలావతి, బొచ్చె అయినా ఇదే జాగ్రత్త. సన్న ముళ్ళ చేపలు మొదటి నెలల్లో వద్దు. నడిముల్లు ఒక్కటే ఉండే వంజరం, ముళ్ళు తక్కువున్న కొరమీను, పండుగప్ప మేలు. అన్నిటికంటే హాయి సొరపుట్టు: ఉడికించి, ముల్లు ఏరేసి, పొడిపొడిగా వేయించిన సొర. ముక్కను పళ్ళెంలోనే వేళ్ళతో విడదీసి చూసుకుని, అన్నంతో కలపకుండా విడిగా తినాలి. పొగలుకక్కే కాఫీ, పులుసు విషయంలోనూ ఇదే. వేడి అంగిలికి తెలియదు, గొంతుకు తెలిసేసరికి కాలిపోతుంది.

---

చైత్రం నుంచి ఫాల్గుణం దాకా

కొత్త సెట్టుతో మాట ఈలవేస్తుంది. స, శ, ష పలికేటప్పుడు గాలి పళ్ళ వెనక సన్నటి సందులోంచి పోవాలి, ఆ సందు మారిపోయింది. ఫ, వ పలకాలంటే పై ముందు పళ్ళు కింది పెదవిని తాకాలి. త, ద, న పలికేటప్పుడు నాలుక పళ్ళ వెనక్కి ఆనాలి. మన కోస్తావాళ్ళం చాప, చుట్టం, జడ అనే మాటల్లో మొదటి అక్షరాన్ని పళ్ళకు ఆనించి పలుకుతాం. అది కూడా కొన్నాళ్ళు మొద్దుబారుతుంది.

దీనికి మందు బిగ్గరగా చదవడమే. రోజూ పావుగంట పేపరు పైకి చదివితే నాలుక దారి వెతుక్కుంటుంది. చదువు రానివాళ్ళకు అంతకంటే సులువైన పాఠం నోట్లోనే ఉంది: తెలుగు నెలల పేర్లు. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం, పుష్యం, మాఘం, ఫాల్గుణం. కష్టపెట్టే అక్షరాలు దాదాపు అన్నీ ఈ పన్నెండు మాటల్లో ఉన్నాయి. నెమ్మదిగా, అద్దం ముందు, రోజుకు నాలుగుసార్లు చెప్పుకుంటే పదిహేను రోజులకు ఈల తగ్గుతుంది.

గొంతే జీవనమైనవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. ఈ నేల మీద పద్యం పాడేవాళ్ళకు కొదవ లేదు. కూచిపూడి ఇక్కడే ఉంది, ఘంటసాల పుట్టిన చౌటపల్లి గుడివాడ పక్కనే ఉంది. పౌరాణిక నాటకాల్లో రాగం తీసి పద్యం ఎత్తుకునే ముసలి నటులు, పెళ్ళిళ్ళు చేయించే పురోహితులు, ఆదివారం ప్రసంగం చెప్పే పాస్టర్లు, హరికథకులు అందరూ నోరు బార్లా తెరిచి గొంతు విప్పాల్సినవాళ్ళే. ఆలాపనలో కింది వరస లేస్తుందన్న భయం ఉంటే గొంతు బిగుసుకుపోతుంది. ఇలాంటివాళ్ళు మొదటి రోజే డాక్టరుకు తమ పని చెప్పాలి. అసలు సెట్టు చేయకముందు మైనం మీద పళ్ళు పేర్చి నోట్లో పెట్టి చూపిస్తారు. ఆ రోజు అద్దంలో చూసుకుని "బాగుందండీ" అని లేచి వచ్చేయకూడదు. ఒక పద్యం ఎత్తుకోవాలి, ఒక మంత్రం చదవాలి. మైనం దశలో పళ్ళను ముందుకో వెనక్కో జరపొచ్చు, అక్రిలిక్ గట్టిపడ్డాక జరపడం అయ్యే పని కాదు.

పెళ్ళి ఉంది, అమెరికా ప్రయాణం ఉంది అని తొందరపెట్టేవాళ్ళు ఎక్కువ. అమెరికాలో పళ్ళ వైద్యం బాగా ఖరీదు, ప్రయాణ బీమా సాధారణంగా దానికి వర్తించదు. అందుకని విమానం ఎక్కేముందు ఇక్కడే సెట్టు కట్టించేస్తున్నారు. పళ్ళు పీకించిన చిగురు మాని గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ తర్వాత కొలతలకు మూడు నాలుగు రాకపోకలు, సెట్టు వచ్చాక సర్దుబాట్లకు ఇంకో నెల. ప్రయాణానికి ముందువారం సెట్టు పెట్టించుకుని వెళితే, పుండు పడేది డల్లాస్‌లో, అరగదీసే డాక్టరు గుడివాడలో.

రాత్రి తీసేయాలా?

తీసేయాలి. కానీ ఇక్కడే చాలామంది ఆడవాళ్ళు ఆగిపోతారు. యాభై ఏళ్ళు కాపురం చేసిన భర్త ముందు కూడా బోసినోరు చూపించడానికి సిగ్గుపడి, సెట్టుతోనే పడుకుంటారు. గాంధీగారి బోసినవ్వును అంత ప్రేమగా చెప్పుకునే మనం, ఇంట్లో అమ్మమ్మ నోరు సొట్టపోయిందని పిల్లలు వెక్కిరిస్తే నవ్వి ఊరుకుంటాం. ఆ నవ్వు ఆవిడకు గుర్తుండిపోతుంది. మనవళ్ళ ముందు సెట్టు తీయదు, కడగదు, నొప్పి ఉన్నా చెప్పదు.

రాత్రంతా సెట్టుతో పడుకుంటే చిగురుకు గాలి ఆడదు, ఉమ్ము తగలదు. కింద ఫంగస్ పెరిగి అంగిలి ఎర్రబడుతుంది. అంతకంటే పెద్ద సంగతి 2015లో జపాన్‌లో బయటపడింది. 85 ఏళ్ళు పైబడిన 524 మందిని గమనిస్తే, రాత్రి సెట్టుతో పడుకునేవాళ్ళకు న్యుమోనియా వచ్చే ప్రమాదం మిగతావాళ్ళకంటే రెండు రెట్లకు పైగా ఉందని తేలింది. సెట్టు మీద పేరుకున్న సూక్ష్మజీవులు నిద్రలో ఊపిరితిత్తుల్లోకి దిగడమే కారణమని అనుమానం.

ఈ మాట పెద్దవాళ్ళకు పిల్లలు చెప్పాలి. "అమ్మా, రాత్రి తీసేసెయ్, ఎవరూ ఏమీ అనరు" అని కూతురు ఒక్కసారి అంటే చాలు. మొగుడు అనగలిగితే ఇంకా మంచిది.

---

కడగడం, దాచడం

తిన్న ప్రతిసారీ తీసి నీళ్ళతో కడగాలి. రోజుకు ఒకసారి మెత్తటి బ్రష్షు, మామూలు సబ్బు. టూత్‌పేస్టుతో రుద్దితే సన్నటి గీతలు పడి, అందులో మురికి చేరుతుంది. మరిగే నీళ్ళలో వేస్తే సెట్టు వంగిపోతుంది.

కుళాయి కింద పళ్ళెంలో నీళ్ళు పోసిపెట్టుకుని దాని మీద కడగాలి. చేయి జారితే సిమెంటు గచ్చు మీద రెండు ముక్కలవుతుంది.

రాత్రి నీళ్ళ డబ్బాలో ఉంచాలి. ఎండితే ఆకారం మారుతుంది. గ్లాసులో పెడితే ఎవరో వట్టి నీళ్ళనుకుని పారబోస్తారు, మూత ఉన్న డబ్బా మేలు.

సెట్టు తీశాక చిగుళ్ళనూ నాలుకనూ తడిబట్టతో తుడవాలి.

---

రెండు బస్సులు, ఒక పంటు

ఇంత చెప్పాక కూడా అసలు ఇబ్బంది మిగిలే ఉంది. నేర్చుకోవడానికి ఓపిక ఒకటే చాలదు. సరిచేసే డాక్టరు చేరువలో ఉండాలి.

ఎదురుమొండి దీవిలో ఉండే పెద్దమనిషి సెట్టు కోసం బయల్దేరితే ముందు పంటు ఎక్కి కృష్ణ పాయ దాటాలి. నాగాయలంక చేరి, అక్కడినుంచి అవనిగడ్డ, అక్కడినుంచి బందరో విజయవాడో. తక్కువ ఖర్చులో, నిపుణుల పర్యవేక్షణలో సెట్టు కట్టేది దంత కళాశాలల్లో. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో సిద్ధార్థ దంత కళాశాల ఉంది. గుడివాడవాళ్ళకు ఫరవాలేదు, గంటా గంటన్నర ప్రయాణం. బందరు నుంచి విజయవాడ సుమారు 70 కిలోమీటర్లు. దివిసీమ చివరి ఊళ్ళవాళ్ళకు వెళ్ళిరావడానికి రోజంతా పడుతుంది. కొలతలకు నాలుగైదుసార్లు, సర్దుబాట్లకు మూడు నాలుగుసార్లు. తోడుగా వచ్చే మనిషి కూలి పోగొట్టుకోవాలి. నెలకు 4,000 రూపాయల పెన్షన్ మీద బతికే ఆవిడ సెట్టు చేతికొచ్చాక మళ్ళీ ఆ బస్సెక్కడం మానేస్తుంది. నొప్పి ఓర్చుకుంటుంది, లేదా సెట్టు తీసేస్తుంది.

ప్రభుత్వాలు పట్టించుకోలేదని కాదు. పేద వృద్ధులకు సహాయక పరికరాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. చేతికర్రలు, వినికిడి యంత్రాలు, కళ్ళద్దాలు, చక్రాల కుర్చీలతోపాటు ఆ జాబితాలో కట్టుడు పళ్ళు కూడా ఉన్నాయి. మన ఊళ్ళల్లో చాలామందికి ఆ ముక్క తెలియదు. కర్ణాటక అయితే దశాబ్దం కిందటే దంతభాగ్య పేరుతో పేద వృద్ధులకు ఉచితంగా సెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కళ్ళద్దాలు ఇచ్చినట్టు, చేతికర్ర ఇచ్చినట్టు ఒక్క శిబిరంలో ఇచ్చి పంపే వస్తువు కాదు ఇది. ఇచ్చాక నెల రోజులు చూసుకోవాలి. ఆ నెల ఏ పథకంలోనూ గట్టిగా కనపడదు.

చేయలేనిదేమీ కాదు. దంత కళాశాలలకు ఊళ్ళు తిరిగే మొబైల్ వ్యాన్లు ఉన్నాయి. నోటి పరీక్షల శిబిరాలకు వెళ్ళే ఆ వ్యాను పదిహేను రోజులకోసారి అవనిగడ్డలో, నాగాయలంకలో, బందరులో ఒక పూట ఆగితే చాలు. ఒత్తుతున్న సెట్లను అరగదీయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, చేతిలో పట్టే చిన్న మోటారు చాలు. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడ వారానికో రోజు సెట్టు కట్టించుకున్నవాళ్ళ కోసం కేటాయిస్తే కోడూరు నుంచి విజయవాడ దాకా పోనక్కర్లేదు. ఇది అడగాల్సింది మనమే, పంచాయతీల్లో, పెన్షన్ ఇచ్చేచోట, ఎమ్మెల్యేల దగ్గర.

---

పన్నుకు పన్ను: కొంత చరిత్ర

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1789లో పదవిలోకి వచ్చేనాటికి ఆయనకు మిగిలిన సొంత పన్ను ఒకటే. చెక్క పళ్ళు పెట్టుకునేవాడన్నది కట్టుకథ. ఏనుగు దంతం, మనుషుల పళ్ళు, సీసం, స్ప్రింగులతో చేసిన సెట్లు వాడాడు, వాటితో జీవితాంతం బాధపడ్డాడు. 1815లో వాటర్లూ యుద్ధం తర్వాత చనిపోయిన సైనికుల పళ్ళు పీకి యూరప్‌లో సెట్లకు అమ్ముకున్నారు. 19వ శతాబ్దం మధ్యలో గట్టిపరచిన రబ్బరు వచ్చాక సామాన్యులకు సెట్లు అందాయి. ఇప్పుడు మనం వాడే అక్రిలిక్ 1930ల చివర్లో వచ్చింది. మన దేశంలో కలకత్తా, హైదరాబాదు లాంటి నగరాల్లో చైనా సంతతి కుటుంబాలు తరాలపాటు పళ్ళు కట్టే వృత్తిలో ఉన్నాయి.

---

డబ్బాలో ఉన్న సెట్టుకు

కింది వరస ఎంతకీ నిలవనివాళ్ళకు ఇప్పుడు ఇంకో దారి ఉంది. దవడ ఎముకలోకి రెండు టైటానియం మరలు బిగించి, వాటికి సెట్టు పట్టుకునేట్టు చేస్తారు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కలిసిన నిపుణులు, పళ్ళు లేని కింది దవడకు ఇదే మొదటి ఎంపిక కావాలని తేల్చారు. బందరు, గుడివాడల్లో కూడా చేస్తున్నారు. ఖర్చు ఎక్కువ. షుగరు అదుపులో ఉండాలి, ఎముక చాలినంత ఉండాలి. పిల్లలు డబ్బు పెట్టగలిగితే అమ్మ బోసినోటితో మిగిలిపోవడం కంటే ఇది వెయ్యిరెట్లు మేలు.

అంటించే పొడులు, పేస్టులు మందుల షాపుల్లో దొరుకుతున్నాయి. బాగా కుదిరిన సెట్టుకు ధైర్యం కోసం కొన్నాళ్ళు కొంచెం వాడొచ్చు. వదులైన సెట్టును అతికించడానికి రోజురోజుకూ ఎక్కువ పూస్తుంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళే సమయం వచ్చినట్టే. చిగురు తగ్గినకొద్దీ సెట్టు వదులవడం సహజం. లోపలివైపు కొత్త పొర వేసి మళ్ళీ కుదురుస్తారు. దీన్ని రీలైనింగ్ అంటారు. కొత్తది చేయించడం కంటే ఖర్చు తక్కువ. ఆ సంగతి తెలియక సెట్టు పాడైపోయిందని పారేసేవాళ్ళున్నారు. సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ళకు ఒకసారి సెట్టు మార్చాల్సి వస్తుంది.

మీ ఇంట్లో బీరువాలోనో అటక మీదో అలాంటి డబ్బా ఒకటి ఉంటే, దాన్ని తీయండి. ఏళ్ళ తరబడి వాడని సెట్టును నేరుగా నోట్లో పెట్టుకోమనకండి, చిగురు ఆకారం ఈపాటికి మారి ఉంటుంది. కడిగి, నీళ్ళలో వేసి, పెద్దవాళ్ళతోపాటు దాన్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎక్కడ ఒత్తింది, ఏ వరస లేచింది, ఏం తినబోతే ఊడింది అన్నీ ఆయనకు చెప్పనివ్వండి. మధ్యలో మీరు అందుకోకండి. పాత సెట్టును చూస్తే ఈసారి ఏం మార్చాలో డాక్టరుకు సగం తెలిసిపోతుంది. మిగతా సగం ఆ పెద్దావిడ చెబుతుంది.